ఆరు గజాలకు రెండంగుళాలు తక్కువ

దోహా, 4 ఏప్రిల్ 1996

చిరంజీవి మనీషాకు,

నాయనమ్మ ఆశీస్సులు. మీ అమ్మ ఆస్పత్రి డ్యూటీకి, మీ నాన్న కంపెనీకి వెళ్ళాక నీ బీరువా సర్దాను. అడుగున దుప్పటిలో చుట్టి ఒక గౌను ఉంది. లేతనీలం శాటిను. భుజాలు లేవు, చేతులు లేవు. వంటసాయానికి వచ్చే ఆంజనమ్మను పట్టుకోమంటే, "యాడి గుడ్డమ్మా ఇది? పైన సగం కుట్టనే లేదే, దర్జీకి గుడ్డ చాల్లేదేమో" అంది.

పక్క విల్లా ఇంగ్లీషువాళ్ళు ఊరు వదులుతూ సామాను అమ్మినప్పుడు నువ్వు కొన్నావట. స్కూలు వీడ్కోలు డాన్సుకు వేసుకుంటానంటే మీ నాన్న వద్దన్నాడట. వద్దనడం న్యాయమే. వేసుకోని దాన్ని మూడేళ్ళుగా ఎందుకు దాచావు? ఉన్నదున్నట్టు రాయి.

సావిత్రి

హైదరాబాదు, 19 ఏప్రిల్

ప్రియమైన నాయనమ్మకు,

నమస్కారాలు. అది ఆ ఇంగ్లీషావిడ తల్లి వేసుకున్న గౌను, నలభై ఏళ్ళ నాటిది. ఎలా నిలుస్తుందని మీరు తప్పక అడుగుతారు. లోపల నడుం చుట్టూ ఒక పట్టీ ఉంది, ముందు దాని కొక్కెం పెట్టాలి. బరువంతా నడుమే మోస్తుంది, మీ చీరను లంగా బొందు మోసినట్టు. ఒకరోజు తలుపు వేసుకుని అద్దం ముందు తిరిగాను. నేను ఆగినా అంచు ఆగలేదు, ఇంకాస్త తిరిగి వచ్చి వాలింది. ఆ కుట్టు నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడ డిగ్రీ అయ్యాక నాన్న సి.ఏ. చదవమంటున్నారు. నేను ఇక్కడ దుస్తుల డిజైను కోర్సుకు దరఖాస్తు పెట్టాను. జూన్ పదిన ఇంటర్వ్యూ. ఒక పాత దుస్తు తీసుకెళ్ళి, దాన్ని ఎలా కుట్టారో చెప్పాలి. నాన్నకు ఇంకా చెప్పలేదు. డ్రైవరు ఓబులయ్య సెలవుకు వస్తున్నాడు కదా, అతనితో పంపండి. గౌను ఉబ్బుగా నిలవడానికి లోపల ఉన్న వలగుడ్డ పావడా మెత్తబడింది. దాన్ని మాత్రం ఏమీ చేయకండి.

మీ మనీషా

దోహా, 6 మే

చిరంజీవి మనీషాకు,

నీ మాట వినలేదు. వలగుడ్డ పావడాకు గంజి పెట్టాను. శాటినుకు తడి తగలనివ్వలేదు, కంగారుపడకు. డాబా మీద ఆరేస్తే గొడుగులా నిలబడింది. గౌను అంచు టేపుతో కొలిచాను. ఆరు గజాలకు రెండంగుళాలు తక్కువ. గుడ్డ చాల్లేదనడానికి లేదు, పైన తగ్గించిందంతా కింద పెట్టారు.

కోర్సు సంగతి మీ నాన్నకు చెప్పాను. నీకు కోపం రావచ్చు. తండ్రికి తెలియకుండా పంపడం నా వల్ల కాదు. "చదువుకున్న పిల్ల మిషను తొక్కుతుందా? గురువారం లోగా ఆ గుడ్డ ఇంట్లోంచి పోవాలి" అన్నాడు.

సావిత్రి

హైదరాబాదు, 17 మే

ప్రియమైన నాయనమ్మకు,

మీ ఉత్తరం అందేసరికి ఆ గురువారం దాటిపోయింది. గౌను ఉందా, లేదా? అది లేకుండా ఇంటర్వ్యూకు వెళ్ళి ఏం చెప్పను? నాన్నకు ఫోను చేస్తే, "మీ నాయనమ్మే రాస్తుంది" అని పెట్టేశారు.

మనీషా

దోహా, 27 మే

ప్రియమైన మనీషాకు,

గౌను ఉంది. జరిగింది వరసగా రాస్తాను.

బుధవారం ఎవరికైనా ఇచ్చేద్దామని తీశాను. ఇచ్చేముందు ఒంటి మీద ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆంజనమ్మను వేసుకోమన్నాను.

"నా వల్ల కాదు సామీ. మా ఆయన చూస్తే ఆ షహానియా ఎడారిలో ఒంటెల కాడికి పారిపోతాడు. సన్నంగా ఉండావు, నువ్వే ఏసుకో పెద్దమ్మా" అంది.

వేసుకున్నాను. రవిక మీదే వేసుకున్నాను, అది గుర్తుంచుకో. ఆంజనమ్మ కొక్కేలు పెట్టగానే నా వీపు దానంతటదే నిటారైంది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టాను కానీ, ఈ గౌను నాకంటే కఠినమైన టీచరు.

అప్పుడే మీ నాన్న ఏదో ఫైలు మరిచిపోయానని ఇంటికొచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, ఏంటిది?"

"నీ కూతురు చదవబోయే పాఠం."

చాలాసేపు చూశాడు. "ఓసారి తిరుగు" అన్నాడు. తిరిగాను. వల గరగరలాడింది, బల్ల మీది కాయితాలన్నీ ఎగిరాయి. వాటిని ఏరుతూ, కింద కూర్చునే అంచు పట్టుకుని కుట్టు చూశాడు. "ఇంత గుడ్డని ఈ చిన్న నడుంలోకి ఎలా తెచ్చారమ్మా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "మరి ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. జూన్ పదిన నీ ఇంటర్వ్యూ ఉందన్నాను. అంచు వదిలి లేస్తూ, "సరే, నేర్చుకోమను" అన్నాడు.

ఓబులయ్యతో పంపడం లేదు. మీ నాన్న సెలవు పెట్టాడు, జూన్ ఎనిమిదో తారీఖుకి వస్తాడు. మడిస్తే గంజి విరుగుతుందని చెప్పాను. అందుకని పెట్టెలో పెట్టడట, రెండు చేతుల మీద వేసుకునే విమానం ఎక్కుతాడట. బేగంపేట విమానాశ్రయంలో కనిపించినప్పుడు నవ్వకు.

ప్రేమతో,
మీ నాయనమ్మ