రెండు కిటికీల గాలి

లెస్కొవాట్స్ పట్టణం నుంచి

ప్రియమైన దెసాంకా పిన్నీ,

ఆ వేడినీటి బుగ్గల ఆసుపత్రిలో స్నానాలకి నీ మోకాళ్ళు కాస్త లొంగాయా? ఫోన్లో నీకు సగం వినపడదు కాబట్టి రాస్తున్నాను. పచ్చడి ఫ్యాక్టరీలో నువ్వు ఇన్నేళ్ళు ఏలిన షిఫ్టు సూపర్‌వైజర్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నెల రోజులు చూస్తారట. పనికి రాకపోతే మళ్ళీ కాల్చిన మిరపకాయల తొక్క తీయడానికే.

శిక్షణకి కూడా పంపారు. "పైవాళ్ళు చెప్పేదాకా ఆగకండి, సమస్యని మీరే పట్టుకోండి, మార్పుకి మీరే ముందు నడవండి" అన్నాడు టై కట్టుకున్న పెద్దమనిషి. సమస్యని పట్టుకోవడం ఎందుకు, అదే మమ్మల్ని పట్టుకుని ఉంది. సీసాల గది ఆవిరితో ఉడికిపోతోంది. చెమ్మకి లేబుళ్ళు ఊడిపోతుంటే దుకాణాలవాళ్ళు సరుకు తిప్పి పంపుతున్నారు. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిస్తే చాలు. ముందు నడిచి తెరిచాను. లేబుళ్ళు అంటించేవాళ్ళలో అందరికన్నా పాత మనిషి మిలుంకా నా వెనకే నడిచి మూసేసింది.

"మమ్మల్ని చంపమనా నీకు పదవి ఇచ్చింది? రెండు కిటికీల గాలి తగిలితే మెడ పట్టేస్తుందే తల్లీ!" అంది. గదిలో అందరూ మిలుంకా వైపే. భయంగా ఉంది పిన్నీ.

నీ రద్మిల

*

నా చిట్టి రద్మిలా,

మోకాళ్ళు లొంగలేదు కానీ డాక్టరు లొంగాడు. రోజుకి రెండు కాఫీలు ఒప్పుకున్నాడు.

కుర్చీ ఎక్కగానే కొమ్ములు మొలిచాయా? నువ్వు హుకుం జారీ చేస్తే కిటికీ తెరుచుకుంటుంది, నువ్వు వెనక్కి తిరిగేదాకా. మూసే మనిషినే అడుగు. కాఫీ పెట్టి మరీ అడుగు, ఆపైన నోరు మూసుకుని విను. మార్పంటే జడిసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. నీ వయసే నాకుంటే గోడలే పడగొట్టించేదాన్ని.

ముద్దులతో,
పిన్ని

*

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైంది. ఈలోగా నేను కిటికీ రెక్కలు తెరిచి తీగతో బిగించి కట్టేశాను. మర్నాడు అందరూ మఫ్లర్లు, ఉన్ని టోపీలు పెట్టుకుని వచ్చారు. మిలుంకా అయితే దుప్పటే కప్పుకుంది. డైరెక్టర్ తొంగిచూసి, "లోపల మంచు పడిందా?" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు చేరింది నీ ఉత్తరం. తీగ విప్పి, కాఫీ పెట్టి, మిలుంకాని అడిగాను. కప్పు ఖాళీ అయ్యేదాకా నన్ను తిట్టి, ఆఖర్న, "సీసాలు ఆరబెట్టే బల్లని రెండు కిటికీల నడుమకి జరిపి, మమ్మల్ని గోడవార కూర్చోబెట్టు. గాలి సీసాలకి తగలనీ. వాటికి మెడ ఉన్నా నొప్పి ఉండదుగా" అంది.

ఇప్పుడు ఒక్క లేబులూ ఊడటం లేదు. ఎవరైనా కిటికీ మీద చెయ్యేస్తే మిలుంకానే కసురుకుంటోంది. ఉద్యోగం ఖాయమైంది పిన్నీ! శనివారం సీసాల గదిలోనే విందు. నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు.

నీ రద్మిల

*

నా బంగారు సూపర్‌వైజరమ్మా,

చదివి ఏడ్చాను. పక్కమంచం ఆవిడకి చదివి వినిపించి ఆవిణ్ణీ ఏడిపించాను. తప్పకుండా వస్తాను.

ఒక్క చిన్నమాట. నేను ఉన్నంతసేపూ ఆ కిటికీలు రెండూ మూయించు. మార్పు మంచిదే, కానీ నా మెడ నాకు కావాలి.

ఆశీస్సులతో,
పిన్ని

*

ప్రియమైన పిన్నీ,

మూయను. కాఫీ పెట్టి ఉంచుతాను. నీ కుర్చీ ఎక్కడ వేయాలో నువ్వే చెప్పు, నేను నోరు మూసుకుని వింటాను.

నీ రద్మిల,
షిఫ్టు సూపర్‌వైజర్