తల మీద చెయ్యి

జమ్మికుంట, శుక్రవారం రాత్రి

మధ్యాహ్నం వానకు మార్కెట్ యార్డులో పత్తి తడిసింది. జర్నలిజం కోర్సు చదివి నెల కిందట మా పేపర్లో చేరిన షాహీన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. ఒక ముసలి రైతు తడిసిన పత్తిని పొడి పత్తిలోంచి వేరు చేస్తున్నాడు. మా కెమెరా చూడగానే పని ఆపి, గొంతుక్కూర్చుని, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గట్లెందుకు పెట్టుకున్నవ్ తాతా?" అనడిగింది షాహీన్.

"పోయినేడు గీ సారే పెట్టుకొమ్మన్నడు గద బిడ్డా," అన్నాడాయన నన్ను చూపించి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా పంట నష్టం అంటే నాకు వచ్చిన ఫొటో అదొక్కటే. సీనియర్లను చూసి నేర్చుకున్నాను. తప్పని చెప్పినవాళ్లు లేరు.

"చెయ్యి దించు తాతా. నీ పని నువ్వు చేసుకో, నేను ఈడనే కూసుంట," అని ఆ పిల్ల నిజంగానే తడి నేల మీద కూర్చుంది. అరగంటకు ఆయన మమ్మల్ని మరిచిపోయాడు. పిడికెడు పత్తి పిండి, చెంపకు ఆనించి తడి చూసుకున్నాడు. అప్పుడు తీసింది ఫొటో. అట్లాంటిది నేను ఒక్కటీ తీయలేదు.

"మనం రాకముందు ఏం జరుగుతుండెనో గదే వార్త అని మా కాలేజీ సారు చెప్పిండన్నా," అంది, అదేదో చిన్న సంగతైనట్టు.

ఆ ఫొటోనే పంపితే, సాయంత్రం కరీంనగర్‌లోని మా పేపర్ డెస్కు నుంచి ఫోన్. "రైతు ఏడుస్తలేడేందన్నా? తల మీద చెయ్యి పెట్టుకున్నది లేదా?"

"ఆయన ఏడ్వలే తమ్మీ," అన్నాను.

పోయినేడు మాత్రం ఏడ్చాడా? నేను అడగనే లేదు.