మొదటి కొబ్బరిపాలు

అమ్మకు, నేను కులాసా. నాన్న దగ్గు తగ్గిందని తలుస్తాను.

మా హోటల్ మెనూ కార్డులో కొత్త పానీయం కింద నా పేరు అచ్చువేస్తారని పోయినసారి రాశాను. ఆ మాట ఇక ఎవరికీ చెప్పకు. రమ్ములో అనాసరసం, ఆవుపాల మీగడ కలిపి బార్ పెద్దాయన నెలరోజులు అవస్థపడ్డాడు. కలిపిన కాసేపటికే చేదెక్కేది. మీగడ మాని, నీళ్ళు చేర్చకుండా పిండిన మొదటి కొబ్బరిపాలు పోయమన్నది నేనే. నీ దగ్గర చూసిందే కదా. దాంతో చేదు పోయింది.

నిన్న ఆ పానీయం పుట్టుక కథ టైపు చేయమని మేనేజరుగారు ఇచ్చారు. పెద్దాయనకు కలలో తోచిందట!

"మరి నా పేరండీ?" అన్నాను.

"మందు చుక్కైనా రుచి చూడని పిల్లవి! నువ్వు కనిపెట్టావంటే ఎవరు తాగుతారమ్మా?" అని నవ్వారు.

టైపు చేసి ఇచ్చాను. "ఒక్క తప్పూ లేదు. కాన్వెంటు చదువంటే ఇదీ!" అని మెచ్చుకున్నారు.

నా ఉన్ని శాలువా పంపు. నానమ్మ పళ్ళసెట్టు సరిపోయిందా? చెల్లి కూడా టైపు నేర్చుకుంటానని రాసింది. నేర్చుకోనీ. కానీ తనకు తెలిసింది ఎవరికైనా చెప్పేముందు, కాగితం మీద రాసి కింద సంతకం పెట్టడం నేర్పు.

నాన్నకూ నానమ్మకూ నమస్కారాలు.

నీ పెద్దమ్మాయి