పెరుమాళ్ బకెట్టు

మాధవరం, మద్రాసు
4 జూన్ 1983

ప్రియమైన అక్కకు,

ఎండ తగ్గలేదు. కుళాయి రాక రెండు నెలలు. పొద్దున లారీ దగ్గర రెండు బిందెలు పట్టుకుని ల్యాబుకి పోయాను. సాయంత్రం దాకా ఎలకల బోన్ల దగ్గరే.

సగం ఎలకలకి జింకు మందు ఎక్కించాం. ఎక్కిస్తే వాటి కాలేయంలో లోహాన్ని పట్టి ఉంచే ఒక ప్రోటీను పుడుతుంది. తర్వాత రెండు రకాల్లోనూ కొన్నిటి కాలేయాలు కోసి దాచి, మిగతా అన్నిటికీ రేడియేషన్ ఇచ్చాం. ఆ ప్రోటీను ఉన్నవి బతికి, లేనివి చస్తేనే అది కణాలను కాపాడుతుందని చెప్పగలం. తీరా రెండు రకాలూ సమానంగా బతికాయి. నాలుగేళ్ల పని.

ఎలకల్ని చూసే పెరుమాళ్ బోన్లు కలిపేశాడని మా ప్రొఫెసర్ భక్తవత్సలం గారు అంటారు. "కలపలేదమ్మా" అంటాడు అతను. "కలిపాడని రాసివ్వు, లేకుంటే తప్పు నీదవుతుంది" అన్నారు సారు. రాసిస్తే అతని ఉద్యోగం పోతుంది. ఏమీ తోచడం లేదు. ఒళ్ళు అలిసిపోయింది.

నీ చెల్లెలు
మృణాళిని

నాయుడుపేట
17 జూన్

ప్రియమైన మృణాళినికి,

ఈడ మొన్న ఒక జల్లు పడింది. శెనక్కాయ పీకే పనిలో ఉండి జాబు ఆలస్యమైంది.

కుళాయి లేదంటివే, ఎలకలకి ఏం పోశారు? ఏప్రిల్లో నేను ఆడికి వచ్చినప్పుడు పెరుమాళ్ ఇంటినుంచి తరవాణి తెచ్చి జింకు బకెట్టులో పోసి పెట్టుండాడు. అన్నీ దప్పికతో ఉండాయని అన్ని బోన్లకీ అదే పోశాడు. పులిసిన నీళ్ళు దాంట్లో ఉంచొద్దయ్యా, లోహం దిగుతుంది అన్నాను. "ఎలకలకి కళాయి పూసిన గిన్నెలు తేవాలా తల్లీ?" అని నవ్వాడు.

దేనికీ సంతకం పెట్టబాక. ముందు ఆ బకెట్టు చూడు. వేళకి తిను.

అక్క
అలివేలు

మాధవరం
25 జూన్

ప్రియమైన అక్కకు,

నీ జాబు 21న చేరింది. నేను 13నే సంతకం పెట్టాను.

బకెట్టులో తరవాణి నిలిచిన మేర జింకు పూత పోయి ఇనుము బయటపడింది. రేడియేషన్‌కి ముందు కోసి ఐసులో దాచిన కాలేయాలు ఉన్నాయి. మందు ఎక్కించని వాటిలో ఏముంటుందిలే అని ఇన్నాళ్ళూ చూడలేదు. చూస్తే వాటిలోనూ ఆ ప్రోటీను నిండుగా ఉంది. బోన్లు కలిపి ఉంటే సగం వాటిలో అది ఉండేది కాదు. ఎవరూ కలపలేదు.

"అయితే మనం అనుకున్నదే నిజం" అని సారు సంతోషించారు. పెరుమాళ్ సంగతి అడిగితే, "కాగితం ఆఫీసుకి పోయిందమ్మా" అన్నారు.

నిన్న వాషర్‌మెన్‌పేట్‌లో అతని ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. పక్కింటి పుష్పవల్లి చెప్పింది. పెరుమాళ్, అతని భార్య 20వ తేదీ సోమవారం పొద్దున ఆరింటికి సామాను కట్టుకుని అరక్కోణం రైలుకి వెళ్ళిపోయారు.

మృణాళిని