నిమ్మకాయ లేని నాడి

లాల్‌దర్వాజ,
హైదరాబాద్.

మా పెద్దక్క అనసూయమ్మకు, నీ చెల్లె బాలమణి కాళ్లు మొక్కి రాసేది.

అక్కా, ఇక్కడ నేను, మీ మరిది మంచిగనే ఉన్నం. కోస్గిల నువ్వు, బావ, పిల్లలు, బర్రె, అందరు మంచిగున్నరని అనుకుంటున్న. మంచిగనే ఉన్నం అని రాసిన గానీ, ఆ మాట నిజమో కాదో నాకే సమజ్ అయితలేదు. ఉత్తరమంత చదివినంక నువ్వే చెప్పు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? బావ బీడీలు బంద్ చేసిండా, లేకపోతే నీకు కనబడకుండ దొడ్డెనుక తాగుతున్నడా? పొగ ఎటు దిక్కు లేస్తున్నదో చూసుకో.

ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకు రాసిందని పరేషాన్ కాకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడ్తవు. నేనిక్కడ తుమ్మితే అక్కడ మీ వాడకట్టు మొత్తం నన్ను సల్లగుండు అంటది. ఈ ముచ్చట నీకొక్కదానికే. ఏడో తరగతి దాంక చదివిన చదువు ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది. తప్పులుంటే నవ్వుకో గానీ ఎవ్వరికి చూపియ్యకు.

ఇక్కడ వానలు మొదలైనయి. మా గల్లీల రెండు ఆటోలు ఎదురుపడ్డయంటే ఒకటి ఎనుకకు పోవాల్సిందే, ఎవరు పోవాల్నని లొల్లి అయ్యేసరికి వాన గూడ ఆగిపోతది. బోనాల పండుగకు అమ్మవారి గుడికాడ తోరణాలు కడుతున్నరు. మా అర్రకు, పక్కింటోళ్ల అర్రకు నడుమ గోడ ఎంత పల్చగుంటదంటే, వాళ్ల కుక్కర్ కూత పెడితే నేను నా పొయ్యి బంద్ చేస్త. మీ మరిదికి ఎన్నిసార్లు ఉడకని పప్పు పెట్టిన్నో. పాలు పోసొచ్చి అలిసిపోయి ఉంటడు, పాపం, నమిలి మింగుతడు. బజార్ల ఉర్దూల కిత్నా అని అడుగుడు నేర్చిన. వాళ్లు చెప్పే జవాబు ఇంకా నేర్వలే. జొన్నరొట్టె మీద పానం కొట్టుకుంటున్నది అక్కా. ఇక్కడి పిండితోటి చేస్తే రొట్టె చేతిలనే రెండైతది. ఎవరన్న ఇటు వచ్చేటోళ్లుంటే జర మన గిర్నిల పట్టిన జొన్నపిండి పంపు.

ఇగ అసలు ముచ్చట. ఛత్రినాకల ఒక ట్రైనింగ్ సెంటర్ల ఊడ్సుడు, చాయ్ పెట్టుడు పనికి కుదిరిన్నని ఫోన్ల చెప్పిన గదా. మెడికల్ అసిస్టెంట్ పని నేర్పుతరు అక్కడ. అంటే డాక్టర్ కాదు, నర్స్ కాదు. చిన్న దవాఖానలల్ల డాక్టర్ పక్కన నిలబడి బీపీ చూసుడు, నాడి చూసుడు, సూదులు, కట్లు, గవన్ని చేసేటోళ్లు. నేర్పేటామె గ్రేస్ మేడం. సర్కార్ దవాఖానల ఎన్నో ఏండ్లు నర్స్ చేసి రిటైరైంది. పుస్తకం తెరిచేది తక్వ, చెయ్యి పట్టించేది ఎక్వ. సూదులు నేర్సుకునుటానికి రబ్బర్ చెయ్యి ఉన్నది, ఎన్ని పొడిచినా ఉయ్ అనది. గానీ నాడికి, బీపీకి రబ్బర్ పనికిరాదు గదా, పానమున్న మనిషి కావాలె. ఒకనాడు మేడం చీపురు పట్టుకుని తిరుగుతున్న నన్ను పిలిచి, బాలమణీ, జర బెంచీ మీద పండుకో అన్నది. అప్పటిసంది నేనే పేషెంట్‌ను. ఉట్టిగ పండుకుంటే చాయ్ పెట్టే పని తప్పుతదని నాకు మస్తు ఖుషీ అయింది.

నా సంగతి నీకెరుకే. తలనొప్పి ఉన్నట్టు పండుకో అంటే నేను పురిటినొప్పులు తీస్త. జ్వరమని చెప్పు అంటే, పోయినేడు తప్పిపోయిన మేక కాడినుంచి మొదలుపెడ్త. మేడం తిట్టది. నిజం పేషెంట్లు గూడ గిట్లనే ఉంటరు, ఓపిక నేర్సుకోండ్రి అని పిల్లలకే చెప్తది.

మన అంగట్ల గారడోడు నాడి ఆపుకునుడు యాదికున్నదా నీకు? బాపు వాని చెయ్యి పట్టి చూసి, వీడు సచ్చిండ్రో అని ఒర్రలేదా? వాడు సంకల నిమ్మకాయ పెట్టుకుంటుండెనని మనకు తర్వాత తెలిసింది. చెయ్యిని ఆ నిమ్మకాయ మీద ఒత్తిపెడితే మణికట్టు కాడ నాడి మాయమైతది. అదే నేను ఇక్కడ చేసిన. కొంగు కింద ఎవ్వరికి కనబడదు. ఒక పోరడు నా చెయ్యి పట్టి చూసి, ఎటో చూసి, మళ్ల పట్టి, తెల్లమొఖం పెట్టి, మేడం ఈమె సచ్చిపోయింది అన్నడు. నేను వాని మొఖమే చూస్తున్న. బిడ్డా, పీనుగకు జర చాయ్ తెప్పియ్యి అన్న. అందరు పడీ పడీ నవ్విండ్రు.

మేడం నిమ్మకాయ గుంజుకున్నది గానీ, దాన్నే పాఠం చేసింది. చేతికి నాడి తాకకపోతే భయపడొద్దు, ముందుగాల మనిషి మొఖం చూడుండ్రి, రెండో చెయ్యి చూడుండ్రి, మెడ కాడ చూడుండ్రి అని. చివరికొక మాట చెప్పింది. మీ వేళ్లకు ఏం తాకిందో అదే రాయాలె, ఏం తాకాల్నో అది రాయొద్దు అని. అప్పటిసంది ఏ పిల్ల నా కాడికి వచ్చినా ముందుగాల అమ్మా, నిమ్మకాయ తియ్యి అంటది, తర్వాతనే చెయ్యి పడతది. సెంటర్ల గదొక ఆచారమైపోయింది.

పిల్లలల్ల నఫీసా అని ఒక పోరి ఉన్నది, దబీర్‌పురా పిల్ల. నన్ను ఖాలా అంటది, అంటే చిన్నమ్మా అని. పని జర నిదానం. అందరు నాడి చూసి చాయ్ తాగి వచ్చినా ఈ పిల్ల ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉంటది. నా మణికట్టు మీద రొట్టె కాలుస్తున్నవా బిడ్డా అని నేనే మస్తు ఏడిపించిన. పోయిన బ్యాచ్‌ల పరీక్ష తప్పింది. ఈసారి పాసైతే వాళ్ల ఇంటికాడి క్లినిక్ డాక్టరమ్మ పని ఇస్తనన్నది. గానీ ఇంకొక బ్యాచ్ దాంక ఆమె ఆగదు.

పరీక్షనాడు పిల్లలను పరీక్ష చేసుటానికి బయటినుంచి ఒక సారు వచ్చిండు. పొద్దుగాల ఆయనకు చాయ్ ఇచ్చింది నేనే. ఇచ్చేదాన్ని ఇచ్చి పోవాలె గదా, నా నోరు ఊకుంటదా? నిమ్మకాయ కథ మొత్తం చెప్పి ఆయనను నవ్విపిచ్చిన. మేడం ముందుగాలనే నాతోటి ఒట్టేపిచ్చుకున్నది, ఇయ్యాల నిమ్మకాయ వద్దు అని. సరే అన్న. నిమ్మకాయ ఇంట్లనే పెట్టి పోయిన అక్కా. నీ మీదొట్టు.

నఫీసా వంతు వచ్చింది. నాకు సలాం చెప్పింది, పేరు అడిగింది, చెయ్యి పట్టుకుంటున్న అని చెప్పి పట్టుకున్నది, అన్ని మేడం నేర్పినట్టే. జరసేపటికి మెల్లగ నా చెవి కాడ, ఖాలా, నింబూ నికాలో అన్నది. లేదే బిడ్డా అన్న. మళ్ల చూసింది. రెండో చెయ్యి చూసింది. అప్పుడే నాకు గూడ రొమ్ముల ఒక చేప ఎగిరి పడ్డట్టు అయింది. ఈ మధ్య మెట్లెక్కుతుంటే అట్ల అవుడు ఉన్నది, గ్యాస్ అనుకుని సోడా తాగుతుంటి.

నఫీసా లేచి సారుకు చెప్పింది. నాడి ఛత్రినాక బస్సు లెక్క ఉన్నది సార్, ఒకటి వస్తది, మళ్ల రాదు, మళ్ల రెండు కలిసి వస్తున్నయి అని. సారు నన్ను చూసి నవ్విండు.

"ఏమ్మా, నిమ్మకాయ ఎక్కడున్నది?"

"లేదు సార్. ఇయ్యాల నిజంగ లేదు."

అందరు నవ్విండ్రు. అక్కా, పుట్టిబుద్ధెరిగినంక నేను చెప్పిన మొదటి నిజం గదేనేమో, దానికే అందరికంటె ఎక్వ నవ్విండ్రు. రెండు చేతులు పైకి లేపి చూపిచ్చిన. గది గూడ నాటకమే అనుకున్నరు. మేడం ఒక్కతే నవ్వలే. వచ్చి నా చెయ్యి పట్టుకుని మస్తుసేపు చూసింది. ఆమె పట్టుకునేసరికి ఆ పాడు నాడి బడిపిల్ల లెక్క బుద్ధిగ నడిచింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది సార్ అని ఉన్నదున్నట్టు చెప్పింది.

సారు మంచోడే. నఫీసాను తిట్టలే. పేషెంట్ నిన్ను ఆట పట్టిచ్చిందమ్మా, మళ్ల చూసి సరిగ్గ రాయి, పాస్ చేస్త అన్నడు. ఆ పిల్ల మళ్ల పట్టుకున్నది. నాడి మంచిగనే ఉన్నది. మంచిగుందని రాస్తే అయిపోతుండె. ఆ పిల్ల కాయితం పట్టుకుని సారు దిక్కు తిరిగింది.

"సార్, ఇప్పుడు మంచిగున్నదని రాస్త. ముందుగాల తప్పిందని గూడ రాస్త. అప్పుడు నా వేళ్లకు తాకింది గదే."

ఇగ సారు ఏం చేస్తడు. ఈమెను దవాఖానల చూపియ్యుండ్రి, డాక్టర్ కాయితంల నాడి తప్పుతున్నదని వస్తే పిల్ల పాస్, లేకపోతే మళ్ల బ్యాచ్‌ల కూసోవాలె అని చెప్పి పోయిండు.

చూసినవా అక్కా గడబిడ? నాకు రోగముంటే నఫీసా పాస్. నాకు రోగం లేకపోతే నఫీసా ఫెయిల్. ఆ పిల్ల బతుకు తెచ్చి నా కొంగుకు ముడేసిండ్రు. నాకు రోగముండాల్నని నేను కోరుకోవాల్నా, వద్దా?

మేడం నన్ను సర్కార్ దవాఖానకు తోలుకపోయింది. వైర్లు పెట్టి గుండె గీతలు తీసిండ్రు. గీతలు మంచిగనే వచ్చినయి. సంబురపడాల్నా, ఏడ్వాల్నా సమజ్ కాలే. అక్కడి డాక్టరమ్మ ఏమో, కొందరికి వచ్చిపోతుంటది, ఒక రోజంత చూస్తే గానీ తెల్వదు అని, చిన్న డబ్బ ఒకటి వైర్లతోటి నా రొమ్ముకు అతికిచ్చింది. నాడి ఎప్పుడు తప్పినా ఆ డబ్బల పడతదట. తప్పినా భయం లేదు, గోలీలున్నయి, సోడాలు మాత్రం బంద్ చెయ్యి అన్నది. అది పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్న. రేపు ఇచ్చి రావాలె. నిమ్మకాయ ఉండే తావునే, కొంగు కింద, ఇప్పుడు ఈ డబ్బ ఉన్నది. దీనితోటి మాత్రం నా ఆటలు సాగవు.

ఈ సంగతి మీ మరిదికి చెప్తే, నీకు గుండె గూడ ఉన్నదా అన్నడు. అని, బిందెలు తీసుకుని కిందికి పోయిండు. అప్పటిసంది నీళ్లు ఆయనే మోస్తున్నడు. నన్ను మెట్లెక్కనిస్తలేడు. నాకేమో మెట్లెక్కాల్నని ఉన్నది, ఎక్కితేనే గదా చేప ఎగిరేది.

ఇయ్యాల పొద్దుగాల అమ్మవారి గుడికి పోయిన. తల్లీ, నా నాడి ఒక్కసారన్న ఆ డబ్బల తప్పాలె, తప్పితే ఈ బోనాలకు నెత్తిన బోనం ఎత్తుకుని వస్త అని మొక్కిన. ఎత్తుకుని నడవాలంటే గుండె మంచిగుండాలె గదా అని బయటికొచ్చినంక యాదికొచ్చింది. మళ్ల లోపలికి పోయి, తప్పాలె గానీ పెద్దగ తప్పొద్దు తల్లీ అని సరిచేసిన. నా నిమ్మకాయ గూడ ఆమె కాళ్ల కాడనే పెట్టొచ్చిన.

ఇంటికొచ్చి చూస్తే నఫీసా గడప కాడ కూసున్నది. వాళ్లమ్మ టిఫిన్ డబ్బల ఖిచ్డీ, అండ్లకు పుల్లటి ఖట్టా పంపింది. పరీక్ష గురించి అడుగుతదేమో అనుకున్న. అడగలే. నా చెయ్యి తీసుకున్నది, ఎప్పటి లెక్కనే నిదానంగ. నిమ్మకాయ తియ్యమని ఈసారి అనలే. చెయ్యి ఇడువకుండనే చెప్పింది, నా వేళ్లే తప్పు అయి ఉండాల్నని దువా చేస్తున్న ఖాలా, రేపు కాయితంల నీకేం లేదని రావాల్నని.

నేను గుడిల ఏం మొక్కొచ్చిన్నో ఆ పిల్లకు చెప్పలేదు అక్కా. ఖిచ్డీ తిన్న. ఉప్పు తక్వుందని మాత్రం అన్న, లేకపోతే నాకు నిజంగ రోగమొచ్చిందనుకుంటది.

నువ్వు ఎటు దిక్కు మొక్కకు. ఇప్పటికే పైకి రెండు అర్జీలు పోయినయి, ఒకదానికొకటి పడవు. మూడోది నువ్వు పంపితే పైనోళ్లు గూడ పరేషాన్ అయితరు. ఊకె నన్ను, ఆ పిల్లను యాది చేసుకో, చాలు.

బావకు దండాలు చెప్పు. ఉప్పరోళ్ల ముసలవ్వ బతికే ఉంటే ఆమెకు గూడ చెప్పు, నాకు ఇస్తనన్న దీవెన ఒకటి ఆమె కాడ బాకీ ఉన్నది. పిల్లలకు ముద్దులు. జొన్నపిండి మర్వకు. నన్ను, మీ మరిదిని నీ నోటితోటి సల్లగుండుమని అనుకో. మొదట రాసిన మంచిగనే ఉన్నం అన్న మాట కొట్టెయ్యలే, అట్లనే ఉంచిన.

నీ చిన్న చెల్లె,
బాలమణి.

మళ్ల: కవర్ అతికిద్దామనుకుంటూ, మేడం నేర్పినట్టు మూడు వేళ్లు పెట్టి నా నాడి నేనే చూసుకున్న. ఠంచన్‌గ కొట్టుకుంటున్నది. నీళ్ల బిందె ఒకటి కిందనే మిగిలినట్టున్నది, మీ మరిది వచ్చేలోపు పోయి మెట్లెక్కి మోసుకొస్త.