గుంతల బంతి, గోదాట్ల తెడ్డు
ఆదివారం, ఇల్లందు

సురేష్ గిట్ల చేస్తడనుకోలే. సొంత బామ్మర్ది, పైగ నా బౌలింగ్‌కు వికెట్ కీపర్.

వానల్ల తోలుబంతి నానుతదని మేం ఒంటినిండ చిన్న గుంతలుండే ప్లాస్టిక్ బంతితోనే ఆడుతం. దాన్ని ఎనక్కి తిరిగేటట్టు ఇసిరితే, గుంతలు గాలిని పట్టి కిందికి నెడతయ్. బంతి తేలుకుంట పోయి ఆలస్యంగ పడతది, బ్యాట్స్‌మన్ ముందే ఊపి ఔటైతడు. ఈ కిటుకు సురేష్ ఒక్కనికే చెప్పిన: "గోదాట్ల తెడ్డు నీళ్లను నెడితే పడవ కదిలినట్టు రా."

ఇయ్యాల ఫైనల్ల వైరా టీం బ్యాటింగ్ పోరడు తొందరపడలే. ఆగి ఆగి నా బంతులన్నీ గ్రౌండ్ అవతలేసిండు. గెలిచి చెయ్యి కలుపుతూ నవ్విండు: "తెడ్డు మంచిగేసినవన్నా!"

వచ్చేటప్పుడు బండి మీద ఎనక కూసొని సురేష్ అంటడు, "గాలి బాగలేదు బావా ఇయ్యాల."

నేను "అవ్" అన్న. నా భుజం మీద చెయ్యి ఇంటిదాక తియ్యలే వాడు.