మంత్రగాడి గదిలో పిల్లికూత

అక్కా,

నువ్వు వెళ్ళిపోయి ఈరోజుకు ఏడాది. నన్ను ఒంటరిగా ఉండనివ్వకూడదని స్నేహితురాళ్ళు పద్మ, రమణమ్మ నర్సీపట్నంలో కొత్తగా తెరిచిన 'మంత్రగాడి గది' అనే ఆటకి తీసుకెళ్ళారు. సంచులు బయటే ఉంచి, మనల్ని లోపల పెట్టి తాళం వేస్తారు. లోపలి చిక్కుప్రశ్నలు విప్పి బయటపడాలి.

దీపాలు ఆరిపోయాయి. గోడల్లోంచి ఈలలు, గుసగుసలు మొదలయ్యాయి. వాటి మధ్య సన్నగా ఒక పిల్లికూత వినిపించింది.

"ఒలే, ఈ మంత్రగాడికి ఆయాసం ఉన్నట్టుందే! మందేసుకోమని సెప్పు!" అని రమణమ్మ నవ్వింది.

పద్మ నవ్వలేదు.

ఇరవయ్యేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్నదాన్ని. ఆ కూత గోడలోంచి రావడం లేదు, నా మోచేతి పక్కనుంచి వస్తోంది. "బేగి తియ్యండి బాబూ!" అంటూ తలుపు బాదాను. అది తెరుచుకునేదాకా పద్మ వీపు నిమురుతూ, ఆమె ఒక్కొక్క ఊపిరినీ వింటూ, తర్వాతిది రాదేమోనని వణికిపోయాను.

సంచిలోని ఇన్‌హేలర్ పీల్చి తేరుకున్నాక, "సీకట్లో నీకెలాగ తెలిసిందే?" అంది పద్మ.

నువ్వు వెళ్ళిపోయిన రాత్రి నీ గదిలో అదే శబ్దం విని, "కాసేపట్లో తగ్గిపోతుందిలే, పడుకో" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది నేనేనని ఆమెకు చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను.

నీ చెల్లెలు